పిచ్చుకా కొంగా చదివిన వేసవి

తోత్కా తడిగుడ్డ పిండి స్తంభానికి అద్దింది. పాత కాగితం నానడానికి కాసేపు పడుతుంది. ఆలోగా కాలువ వారనున్న ఆకుల్ని చీపురుతో ఒక పక్కకి నెట్టింది. ఆగస్టు ఇంకా పోనేలేదు, అప్పుడే లిండెన్ చెట్లు ఆకు రాలుస్తున్నాయి. డాన్యూబ్ నది మీంచి వచ్చే గాలి ఊడ్చిందాన్ని ఊడ్చినట్టే చెదరగొడుతోంది. ఆ గాలిని ఒకసారి గట్టిగా తిట్టి, గీకుడు రేకు చేతిలోకి తీసుకుని మళ్ళీ స్తంభం దగ్గరికొచ్చింది.

వీధులు ఊడవడంతో పాటు చావు కాగితాలు గీకడం కూడా ఆమె పనే. ఎవరైనా పోతే ఫొటోతో, పేరుతో కాగితం అచ్చువేయించి స్తంభాలకీ గోడలకీ అంటిస్తారు. నలభై రోజులు గడిచేదాకానో, వానకి దానంతటది ఊడిపోయేదాకానో దాన్ని ముట్టుకోకూడదు. ఆ తర్వాత గీకేది తోత్కాయే. మొదట్లో మనుషుల కళ్ళూ నుదుళ్ళూ రేకు కింద ముద్దగా ఊడి బకెట్లో పడుతుంటే ఆమెకి చేతులాడేవి కావు. ఇప్పుడు బంగాళాదుంప చెక్కు తీసినంత మామూలైపోయింది.

తర్వాతి స్తంభానికి కొత్త కాగితం ఉంది. అంచుల్లో బంక ఇంకా తడిగానే ఉంది. ఎవరు పోయారోనని అలవాటుగా తలెత్తి చూసింది.

ఆ ముఖం బాగా తెలిసినదే. అది తనదేనని తెలియడానికి ఇంకో క్షణం పట్టింది.

చీపురు చేతిలోంచి జారి రాళ్ళ మీద పడింది. పై పెదవి పక్కన పుట్టుమచ్చ. మెడ దాకా గుండీ పెట్టుకున్న ఊలు జాకెట్టు. కెమెరా అంటే భయపడి బిగుసుకుపోయిన నోరు. తోత్కా తన చెంప తడిమి చూసుకుంది. చేతొడుగు తడికి చెంప చల్లగా తగిలింది. ఫొటో కింద పేరు మాత్రం వేరే ఎవరిదో: నెవ్యానా ఇలియేవా గర్గోవా, డెబ్బై ఒకటో ఏట. ఖననం ఈ రోజు సాయంత్రం నాలుగు గంటలకి, పై శ్మశానంలో. కొడుకులనీ కూతుళ్ళనీ రాసే చోట 'పొరుగువారు' అని ఒక్క మాటే ఉంది.

ఏం చేస్తున్నదీ ఆమెకే తెలియలేదు. తడి బంక మీద కాగితం ఒక్క లాగుకే ఊడివచ్చింది. బేకరీ గోడ మీద ఇంకొకటి, పంపు దగ్గర మరొకటి కనిపించాయి. అవీ పీకేసింది. పదిహేనేళ్ళ ఉద్యోగంలో పచ్చి కాగితం మీద చెయ్యి వేయడం ఇదే మొదటిసారి. మడతపెట్టి ఎక్కడ పెట్టాలో తోచక బండిలో చెత్త మీద కాకుండా తన తిండి సంచీ కింద దాచింది.

"అమ్మో! తోత్కక్కా, నువ్వేనా?"

బేకరీ గుమ్మంలో స్తాంకా నిలబడి ఉంది. చేతిలో పళ్ళెం ఒరిగి వేడి జున్నురొట్టె ఒకటి జారి మెట్టు మీద పడింది.

"నేను కాకపోతే మా అమ్మనా?"

"పొద్దున్నే తలుపు తీస్తే గోడ మీద నువ్వు! కాళ్ళు చచ్చుబడ్డాయంటే నమ్ము. నీ పేరున కొవ్వొత్తి కూడా వెలిగించాను."

"పోయి ఊదెయ్యి. మైనం దండగ."

స్తాంకా నవ్వబోయి ఏడ్చేసింది. కీడు తగలకుండా చెవి తమ్మె లాక్కుని తలుపు చెక్క మీద మూడుసార్లు కొట్టింది. "దీంతో నీ ఆయుష్షు పెరిగిందనుకో అక్కా. మా పెద్దమ్మకీ ఇలాగే అయితే తొంభై దాటింది."

"కింద పేరుంది కదే, చదవలేదా?"

"ముఖం కనపడ్డాక పేరెవరు చదువుతారక్కా?"

మేస్త్రీ వెల్చో సైకిల్ మీద వచ్చి ఆమెను చూడగానే బ్రేకు వేశాడు. అతని ముఖం కూడా తెల్లబోయింది, కానీ బయటపడలేదు. "పోయినవాళ్ళకి సెలవుంటుంది గానీ జీతం ఉండదు తోత్కా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మంచి శకునం కాదు. ఎక్కడెక్కడున్నాయో అన్నీ పీకి పారెయ్. నేను చూడలేదంతే."

అతను చెప్పకపోయినా ఆమె చేసేది అదే. బస్టాండు ముందున్న చెట్టు దగ్గరికి నడిచింది. జనం ఆమెను దాటుకుని పోతున్నారు. కాగితం వైపు చూసేవాళ్ళు ఆమె వైపు చూడరు, ఆమె చీపురు చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళు కాగితం చూడరు. తోత్కా చెయ్యెత్తి కాగితం మూల వేళ్ళతో లేపబోయింది.

"అమ్మాయ్, కాస్త చదివి పెడతావా? కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను."

సంచీ నిండా మిరపకాయలు మోసుకొస్తున్న ముసలాయన. ఆమె చెయ్యి అలాగే ఆగిపోయింది. నెవ్యానా పేరూ, వయసూ, వేళా చదివింది. ఆయన టోపీ తీసి ఫొటోకి దగ్గరగా వంగి చూశాడు.

"దేవుడు ఆమెని మన్నించుగాక. మంచిదానిలాగే ఉంది పాపం. నీకు తెలుసా?"

పక్కనే ఒకే ఎత్తులో రెండు ముఖాలు. ఆయన తోత్కా కళ్ళలోకి చూసే అడిగాడు.

"తెలీదు తాతా," అంది.

ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. తోత్కా చెట్టుకి ఆనుకుంది. తను చచ్చిపోయానని ఊరు అనుకోవడం ఒక దెబ్బ. తన ముఖం పక్కనే తను నిలబడ్డా ఎవరూ గుర్తుపట్టకపోవడం దానికంటే పెద్ద దెబ్బ. ఎనిమిదో తరగతిలో బడి మాని పొగాకు గుచ్చింది. తర్వాత డబ్బాల ఫ్యాక్టరీలో మిరపకాయలు కాల్చి పొట్టు తీసింది. పడవ మీద పనికెళ్ళిన మొగుడు ఎగువన ఏదో రేవులో ఇంకో సంసారం పెట్టుకున్నాడని తెలిసిన రోజు కూడా డ్యూటీ మానలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక చీపురు పట్టింది. ఇన్నేళ్ళలో తన ఫొటో ఇంకొకరికి ఇచ్చిందెప్పుడు?

అప్పుడు గుర్తొచ్చింది. పఠన మందిరం.

జూన్‌లో ఒకరోజు ఆ మెట్లు ఊడుస్తుంటే గ్రంథాలయం చూసే బిసెర్కా కిటికీలోంచి పిలిచింది. వేసవి సెలవుల్లో పిల్లలు చదివిన ప్రతి పుస్తకం గురించీ నోటుపుస్తకంలో సొంత మాటల్లో రాసి షెల్ఫులో పెట్టాలి. పేరుకి బదులు ఒక పిట్ట పేరు పెట్టుకోవాలి. బడి తెరిచే రోజున ఎవరు ఏ పిట్టో ఫొటోలతో సహా గోడ మీద తేలుతుంది. "పిల్లలంతా సముద్రానికో అమ్మమ్మల ఊళ్ళకో పోయారు. నువ్వైనా రాయి తోత్కా, షెల్ఫు ఖాళీగా ఉంటే నాకు సిగ్గుగా ఉంది," అంది. తోత్కా నవ్వింది. రెండు రోజులాగి గళ్ళ పుస్తకం ఒకటి కొని అట్ట మీద 'పిచ్చుక' అని రాసి ఇచ్చింది. గుర్తింపు కార్డుకి తీయించిన ఫొటోల్లో మిగిలినదీ ఇచ్చింది.

డ్యూటీ అయ్యాక మధ్యాహ్నం పూట వెళ్ళేది. మొదటి నవల చదివి ఇలా రాసింది: 'ఇందులో అందరూ కూర్చుని ప్రేమ గురించి మాట్లాడతారు. అంత పెద్ద ఇల్లు ఎవరు ఊడుస్తారో ఒక్క చోటా లేదు.' మర్నాడు ఆ వాక్యం కింద పెన్సిలుతో, చీమల బారులాంటి అక్షరాలు: 'ఎనభయ్యో పేజీలో ఒక పనిమనిషి తలుపు తీస్తుంది. తర్వాత రచయిత ఆమెని మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు. — కొంగ.' షెల్ఫులో ఆ పక్కనే కొంగ నోటుపుస్తకం. అది సాయంత్రాలు వచ్చే ఎవరో పెద్దావిడదని బిసెర్కా చెప్పింది. అంతకుమించి చెప్పమంటే, "ఆటకి నియమాలుంటాయి," అంది.

అలా వేసవంతా గడిచింది. నావికుడి పెళ్ళాం ముప్పై ఏళ్ళు కిటికీలో ఎదురుచూసిన కథకి తోత్కా రాసింది: 'నేనైతే మూడో నెలకే పరదా వేసేదాన్ని.' కొంగ జవాబు: 'నేను ఏడో ఏడాదికి వేశాను. నువ్వు తెలివైనదానివి.' ఆ మాట తోత్కా చాలాసేపు చూస్తూ కూర్చుంది. తెలివైనదానివని ఆమెతో అంతకుముందు ఎవరూ అనలేదు.

బండి మెట్ల పక్కన వదిలేసి లోపలికి వెళ్ళింది. బిసెర్కా సెలవులో ఉంది. కార్యదర్శి దీమో ఒక్కడే కూర్చుని దోసకాయ కోసుకుంటున్నాడు. తలెత్తి చూసి చేతిలోని కత్తి వదిలేశాడు.

"అయ్యో దేవుడా," అన్నాడు. "నీదా?"

"ఆ ఫొటో ప్రెస్సుకి ఎవరిచ్చారు దీమో గారూ?"

"ఆవిడింట్లో ఒక్క ఫొటో కూడా దొరకలేదట. ఇక్కడికొచ్చి చదివేది కదా అని పక్కింటావిడ నన్నడిగింది. బిసెర్కాకి ఫోన్ చేశాను. పిల్లలవి కాక ఆడవాళ్ళవి రెండే ఉంటాయి, వాటిలో పెద్దావిడది తియ్యమంది." ఆయన కోసిన దోసకాయ పక్కకి నెట్టాడు. "నాకు ఇద్దరూ తెలీదు. రెండూ పక్కపక్కన పెట్టి చూసి... ఏది పోయిన మనిషిదిలా ఉందో అది తీశాను. తప్పైపోయింది తల్లీ."

ఆయన సొరుగు లాగి రెండో ఫొటో ఆమె ముందు పెట్టాడు. తల కొంచెం వెనక్కి వాల్చి నవ్వుతున్న మనిషి. పొడుగు ముక్కు, గట్టి దవడ. అప్పుడే ఎవరితోనో వాదించి గెలిచి వచ్చినట్టుంది. తోత్కాకి ఆ ముఖం తెలుసు. పై వీధిలో ఆకుపచ్చ గేటు ముందు ఊడుస్తున్నప్పుడు ఆ మనిషి కుండీల్లో నీళ్ళు పోస్తూ తలూపేది. తనూ తలూపేది. ఇద్దరూ ఏనాడూ పలకరించుకోలేదు.

ఫొటో తిరగేసింది. వెనక పెన్సిలుతో, చీమల బారులాంటి అక్షరాలతో ఒక్క మాట.

కొంగ.

తోత్కా కుర్చీ కోసం చేత్తో తడుముకుంది. దీమో మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చుంది.

"ఎలా?" అంది.

"నిద్రలోనే. నిన్న పక్కింటావిడ పాలు ఇద్దామని వెళ్తే..."

"ఈ ఫొటోతో మళ్ళీ అచ్చు వేయించండి."

"ప్రెస్సు ఆయన తాళం వేసి వర్నా పట్నం వెళ్ళాడు, రేపటికి గానీ రాడు. కాపీ తీసే మిషన్ ఉన్నదీ అక్కడే. నీ బాధ నాకు తెలుసు తల్లీ. కావాలంటే పీకేయ్, నిన్నెవరూ ఏమనరు. కాకపోతే, ఆ కాగితాలు కూడా లేకపోతే ఖననానికి వచ్చేది నేనూ, పక్కింటావిడా, పాదిరీ."

తోత్కా లేచింది. తిండి సంచీ కింద ఉన్న మూడు కాగితాలు తీసుకుని బేకరీకి వెళ్ళింది.

స్తాంకా గిన్నెలో మైదా బంక కలిపి ఇచ్చింది గానీ గిన్నె వదలలేదు. "నీ చావు నువ్వే అంటించుకుంటావా? మతి పోయిందా అక్కా? అరిష్టం కదా!"

"ఆవిడకి వేరే ముఖం లేదే ఇవాళ్టికి."

"నీ ముఖం చూసి ఆవిడ కోసం ఎవరొస్తారు?"

"ఎవరి కోసమైనా సరే, రానీ."

ఇన్నేళ్ళూ గీకిన చేతులకి అంటించడం చేతకాలేదు. మొదటి కాగితం వంకరగా పడింది. తన నుదుటి మీద, చెంపల మీద అరచేత్తో నొక్కి గాలిబుడగలు తీసింది. పంపు దగ్గర, బేకరీ గోడ మీద, స్తంభం మీద మూడింటినీ ఎక్కడివక్కడ అంటించింది. అసలు ఫొటో ఒక్కటే ఉంది కాబట్టి దాన్ని పై వీధికి తీసుకెళ్ళి ఆకుపచ్చ గేటు మీది కాగితంపై, తన ముఖం మీద అంటించింది. కొంగ సొంత గుమ్మం మీద సొంత ముఖంతో నవ్వింది.

నాలుగింటికి శ్మశానంలో తోత్కా అనుకున్నదాని కంటే ఎక్కువమందే ఉన్నారు. మిరపకాయల సంచీ తాత టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. స్తాంకా అంగడి మూసి వచ్చింది. పాదిరీ ధూపం వేయబోతుండగా గేటు దగ్గర గోల మొదలైంది. ఫ్యాక్టరీలో తనతో మిరపకాయలు ఒలిచిన ఆడవాళ్ళు చావుకి తెచ్చే ఆనవాయితీగా సరి లెక్కన పూలు పట్టుకుని ముక్కులు చీదుకుంటూ వస్తున్నారు. ముందు నడుస్తున్న రాదా తోత్కాని చూసి కెవ్వుమని పక్కామె మీద పడింది.

"బతికే ఉన్నావుటే! రేవు దగ్గర్నుంచి ఏడ్చుకుంటూ వచ్చాను కదే, ముండా!"

"వచ్చావుగా. ఆ పూలు ఆవిడకి పెట్టు."

"ఎవరే ఆవిడ?"

తోత్కా శవపేటిక వైపు చూసింది. ఈ వేసవిలో తను రోజూ మాట్లాడింది ఆమెతోనే. గొంతు ఒక్కసారి కూడా వినలేదు.

"నా స్నేహితురాలు," అంది.

రాదా కళ్ళు తుడుచుకుని పూలు పెట్టింది. వెనకవాళ్ళూ పెట్టారు. ఎవరూ తిరిగి వెళ్ళలేదు. తోత్కా కోసం తెచ్చిన ఏడుపు వృథా చేయడం ఎందుకన్నట్టు నెవ్యానా కోసం ఏడ్చారు.

అంతా అయ్యాక పక్కింటావిడ పోయినవాళ్ళ పేరున పెట్టే, చక్కెర చల్లిన ఉడికిన గోధుమలు కాగితపు గ్లాసుల్లో పంచింది. తోత్కా దగ్గరికి వచ్చినప్పుడు సంచీలోంచి ఒక పుస్తకం తీసింది. "ఆమె దిండు పక్కన ఉంది. ముద్ర పఠన మందిరానిది. నువ్వు అటే వెళ్తావు కదమ్మా, ఇచ్చేయ్."

తోత్కా ఇంకా చదవని పుస్తకం అది. గోధుమల గ్లాసు గట్టు మీద పెట్టి, చేతులు గౌనుకి తుడుచుకుని తెరిచింది. పుస్తకం దానంతటదే సగానికి కాస్త అవతల విచ్చుకుంది. అక్కడ కాగితాల మధ్య, చదవడం ఆపిన చోటికి గుర్తుగా, ఒక నల్లటి తలపిన్ను ఉంది. వంపు దగ్గర రంగు పోయింది. దానికి ఒక పొడుగాటి తెల్ల వెంట్రుక చుట్టుకుని ఉంది.