మూడు దినాల ఇంగ్లీషు

"ఈ నెల ఇంగా కాలేదేమే నీకు?" అని అడిగింది వెంకటరమణమ్మ, చేతిలో జపమాల తిప్పడం ఆపకుండానే.

"లేదత్తా" అంది విశాలాక్షి, పులిహోరకు చింతపండు పిసుకుతూ. ప్రశ్న కొత్తది కాదు. ప్రొద్దుటూరులో ఒక శివాలయం అర్చకుడి ఇంట్లో కోడలి నెలసరి కోడలి సొంత విషయం కాదు. ఆ రోజు దేవుడి నైవేద్యం ఎవరు వండాలన్నది దాన్ని బట్టే తేలుతుంది. కానీ ఈసారి అత్తగారి గొంతులో సంతోషం దాగలేదు.

"నిలిచిపోతాండాదేమోలే. నిలిస్తే మంచిదే. ఇంక నెలంతా మడికి పనికొస్తావు."

విశాలాక్షి చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. ముట్టు ఆగిపోతుందని దిగులు పడే ఆడది ఈ ఊళ్లో తనొక్కతేనేమో అనుకుంది.

ఆ ఇంట్లో ఆమెకు నెలకు మూడు రోజులు సెలవు. సెలవని ఎవరూ అనరు, 'బయటుంది' అంటారు. పెరట్లో చిన్న గది, ఒక చాప, విడిగా ఒక చెంబూ కంచమూ. వెంకటరమణమ్మ మోకాళ్లు పనిచెయ్యవు కాబట్టి ఆ మూడు రోజులూ వంట విశాలాక్షి భర్త, అర్చకుడు పద్మనాభయ్యే చేస్తాడు. మడి కట్టుకుని పప్పూ, చారూ, నైవేద్యమూ అన్నీ దించుతాడు. చారు బాగానే పెడతాడు కూడా. ఒక్కనాడూ విసుక్కున్న పాపాన పోలేదు, శాస్త్రం కదా మరి. పెళ్లయిన కొత్తలో విశాలాక్షి ఆ గదిలో సిగ్గుతో ఏడ్చేది. కొన్నేళ్లకు ఆ గదిలోనే ఒళ్లు తెలియకుండా నిద్రపోవడం నేర్చుకుంది. రెండేళ్ల కింద కూతురు అనఘ బ్యాంకు పరీక్షల కోచింగుకు తిరుపతి పోతూ తన పాత ఫోను తల్లికిచ్చింది. అందులో రోజూ కొన్ని కష్టమైన ఇంగ్లీషు మాటలు చూపించి అర్థాలు చెప్పే యాప్ ఒకటుంది. జమ్మలమడుగులో బి.ఏ. రెండో ఏడాదిలో పెళ్లయి చదువు ఆగిపోయిన మనిషికి అంతకంటే ఏం కావాలి? అప్పటినుంచీ నిద్ర కూడా మానేసింది.

"పుస్తకమంటే సరస్వతి, ఆ దినాల్లో ముట్టగూడదు" అని అత్తగారు ఎప్పుడో చెప్పింది. ఫోను సంగతి మాత్రం ఏ శాస్త్రంలోనూ లేదు. తమాషా ఏమిటంటే, తక్కిన రోజుల్లో ఆ ఫోనే ఆమెకు మైల. నలుగురు తాకినదాన్ని మడి చీరలో ఎట్లా ముట్టుకుంటుంది? మధ్యాహ్నం మడి విడిచాక వత్తులు చేయడం, ఇత్తడి సామాను తోమడం, అత్తగారి మోకాళ్లకు నూనె రుద్దడం. పొద్దు వాలితే మళ్లీ మడి. శుభ్రంగా ఉన్నన్నాళ్లూ చదువు లేదు, మైలపడితేనే చదువు.

మాటలు ఒక్కొక్కటే వచ్చేవి. మీనియల్ అని ఒకటొచ్చింది. పెద్ద నేర్పూ, గౌరవమూ లేని పని, ముఖ్యంగా ఇంటిపని అని అర్థం రాశారు. ఆ నేర్పును కొలిచిన మహానుభావుడెవరో, అతణ్ణి పిలిచి ఒక్కసారి గుండిగెడు చక్కెర పొంగలి అడుగంటకుండా దించమనాలనిపించింది ఆమెకు. ఆ తర్వాతి మాట ఇండిస్పెన్సబుల్. అది లేకపోతే ఏదీ జరగదని అర్థం. ఈ రెండు మాటలూ పోయి పోయి ఒకే మనిషి మీద ఎట్లా వాలాయా అని ఆ మధ్యాహ్నమంతా ఆలోచించింది. మరోసారి సీక్వెస్టర్ వచ్చింది, అందరికీ దూరంగా విడిగా ఉంచడం. వెనకాలే రెస్పైట్, కష్టం మధ్యలో దొరికిన కాస్త ఊపిరి. తాను కూర్చున్న గదికి రెండు పేర్లూ సరిపోయేసరికి పైకే నవ్వేసింది.

గోడ అవతల పక్కింటి షాహీదాబీ కుట్టుమిషను ఆపింది. "ఏందమ్మా, ఒక్కదానివే నగుతాండావు?"

విశాలాక్షి ఆ రెండు మాటలూ విడమరిచి చెప్పింది.

"నీకు నయమే తల్లీ" అంది షాహీదాబీ. "ఆ దినాల్లో మాకు అల్లా నమాజు మాఫీ చేసినాడు గానీ, మా ఇంటాయన వంట మాఫీ చెయ్యలేదు."

ఇద్దరూ గోడకు చెరోపక్క కడుపు పట్టుకుని నవ్వారు.

ఈ ఇంగ్లీషు సంగతి పద్మనాభయ్యకూ తెలిసింది. ఒకరోజు భోజనం దగ్గర, "ఏందో ఇంగ్లీషు నేర్చుకుంటాండావంట. నేర్చుకోని ఎవరితో మాట్లాడతావు, కుక్కరుతోనా?" అన్నాడు. ఆ నవ్వులో విషం లేదు. ముద్దుగానే అన్నాడు, ఆ ముద్దే ఆమెను ఎక్కువ గుచ్చింది. మజ్జిగ పోస్తుంటే ఆ గుచ్చుకున్నదానికి మాట దొరికింది, ఎప్పుడో ఫోనులో చూసిన కాండిసెండింగ్. ఎదుటి మనిషిని ముందే తక్కువ చేసిపెట్టుకుని, ఆ తక్కువకు తగ్గట్టు దయగా మాట్లాడటం. ఇరవై ఆరేళ్లుగా తనకు తగులుతున్నదాన్ని ఎక్కడో తెలియని ఊళ్లో ఎవరో ముందే కనిపెట్టి పేరు పెట్టి ఉంచారంటే ఆమెకు వింతగా అనిపించింది. కోపం తగ్గలేదు కానీ, అది ఎక్కడినుంచి వస్తోందో తెలిసింది.

అత్తగారు అడిగిన ఆ నెల రాలేదు, ఆ పై నెలా రాలేదు. డాక్టరమ్మ చూసి, వయసు కదా, ఇక నిలిచినట్టే అంది. "నాకూ ఆ మూడు దినాలు పొయ్యి తప్పుతాదిలే" అని పద్మనాభయ్య కూడా తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. తల్లీకొడుకుల ముఖాలు వెలిగాయి. విశాలాక్షి ఫోను మాత్రం బియ్యం డబ్బా పక్కన మూగగా పడి ఉంది. అందులో ఏ మాటలు వచ్చి వెళ్లిపోతున్నాయోనని పొయ్యి దగ్గర నిలబడి కొట్టుకుపోయేది ఆమె ప్రాణం.

తాళలేక మూడో నెల అబద్ధం చెప్పింది. పొద్దున్నే "బయటైనా" అని పెరటి గదిలోకి పోయి కూర్చుంది. ఎవరూ అనుమానించలేదు. ఆయన మడి కట్టుకుని పొయ్యి దగ్గరికి పోయాడు. కానీ ఒక్క మాట కూడా తలకెక్కలేదు. అత్తగారు దగ్గితే ఉలిక్కిపడింది, తలుపు చప్పుడైతే ఫోను దాచింది. నాలుగో రోజు తలస్నానం చేస్తుంటే ఒళ్లు మండిపోయింది. తన రోజులను తానే దొంగిలించుకోవడం ఏమిటి? ఒంట్లో నెత్తురు చెబితే ఇల్లంతా వింటుందే, అదే సంగతి నోరు చెబితే వినదా? పెళ్లాం వండగూడదని దేవుడంటే మారుమాట లేకుండా పొయ్యి దగ్గరికి పోయే ఈ మనిషి, వండనని పెళ్లామే అంటే పోతాడా, పోడా? ఇన్నేళ్ల కాపురంలో ఆ సంగతి తనకు తెలియనే తెలియదు. ఏనాడూ అడిగి చూడలేదు. కోపం కంటే ముందు, అది తెలుసుకోవాలన్న ఆరాటం పట్టుకుంది ఆమెను.

ఆ మరుసటి నెల ఒక సోమవారం పొద్దున స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, ఫోను తీసుకుని పెరటి గదిలో చాప మీద కూర్చుంది. తలుపు తీసే ఉంచింది. గుడినుంచి వచ్చిన పద్మనాభయ్య చల్లగా ఉన్న పొయ్యి చూసి పెరట్లోకి వచ్చాడు. "ఏం విశాలా, మళ్లీ అయిందా? నిలిచిపోయిందనిరి గదా?"

"అది కాదండీ. చదువుకుంటాండా."

ఆయనకు అర్థం కాలేదు. "మరి వంట?"

"మీరు చెయ్యండి. నెలకు మూడు దినాలు మీరే గదా చేసేది."

గోడ పట్టుకుని మెల్లగా వెంకటరమణమ్మ కూడా వచ్చింది. "మైల లేకుండా ఈడ కూర్చునేదేందే? ఏ శాస్త్రంలో ఉంది?"

విశాలాక్షి ఫోను దాచలేదు.

"యాడా లేదత్తా. ఇన్నేండ్లూ శాస్త్రం చెప్పిందని ఆయన వంట చేసినారు. ఈసారి నేను చెప్తాండా."