కోడలి అడుగులు

పొద్దున్నే అత్తగారికి మొహం కడిగించి, జడ వేసి, టీ చేతికిచ్చి కోడలు ఆసుపత్రికి వెళ్తుంది. అక్కడ ఆమె పని దుప్పట్లు చేరవేయడం. లాండ్రీలో ఉతికి మడతపెట్టిన దుప్పట్లూ గలేబులూ పెద్ద ట్రాలీకెత్తి, లిఫ్టులో పైకి తీసుకెళ్లి, వార్డు వార్డుకీ ఇచ్చి, మాసినవి తెచ్చి కింద పడేస్తుంది. ఆ ట్రాలీకి ఒక చక్రం మహా మొండిది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని తోయకపోతే గోడని గుద్దేస్తుంది.

ఆ ఏడు ఆసుపత్రివాళ్లు పనిచేసేవాళ్లందరికీ వాచీలిచ్చారు. ఎవరెన్ని అడుగులు నడిచారో అవే లెక్కపెట్టి క్యాంటీన్ టీవీలో చూపిస్తాయి. మొదటి వారం అందరికన్నా పైన నిలిచింది రిసెప్షన్‌లో కూర్చుని ఫోన్లు మాట్లాడే ఆవిడ. ఆవిడకి చేతులూపకుండా మాట్లాడటం రాదు. అట్టడుగున కోడలు.

సూపర్‌వైజర్ పిలిచాడు. "ఏంటమ్మా, రోజంతా ఎక్కడ కూర్చుంటున్నావ్?"

"కూర్చోవడమా సార్! కాళ్లు చూడండి, ఎలా వాచాయో."

"అంత వాస్తే వాచీకి తెలియద్దూ?" అన్నాడాయన.

చెయ్యి ఊగితేనే అది అడుగనుకుంటుందని, ట్రాలీ పట్టుకున్న చెయ్యి కదలదు కాబట్టి దాని దృష్టిలో నువ్వు నిలబడే ఉన్నావని ఒక నర్సు విడమరిచి చెప్పింది. ఆదివారం అత్తగారు సరదాకి ఆ వాచీ పెట్టుకుని, మంచం మీద కూర్చునే గిన్నెలో గుడ్లు గిలకొట్టింది. వాచీ గబగబా లెక్కేసింది.

"చూశావా, నీకంటే నేనే ఎక్కువ నడిచాను!" అని ఆవిడ పడీపడీ నవ్వింది.

మరి లెక్కకెక్కని అడుగులు ఎక్కడికి పోతాయి పాపం? సోమవారం సాయంత్రం కోడలు ఇంట్లోకొచ్చి తలుపు వేసుకున్నాక, మెట్ల మీద టపటపా చప్పుడైంది.

"ఎవరే?" అంది అత్తగారు.

కోడలు తలుపు తీసి చూసింది. "నా అడుగులేనత్తయ్యా."

"అలా గుమ్మంలో నిలబెట్టావేం? లోపలికి రమ్మను."

అప్పట్నించీ సాయంత్రాలు తలుపు ఓరగా తీసే ఉంచేవారు. అడుగులు వచ్చి అన్నాలవేళ దాకా వసారాలో అటూ ఇటూ తిరిగేవి. కింది వాటా ఆవిడ పైకొచ్చి, "మీ అడుగుల్ని కాస్త మెల్లగా నడవమనండి, పాప నిద్రపోతోంది" అంటే, అత్తగారు వసారాలో పాత బొంత పరిపించింది.

అత్తగారి కథ ఇలా ఉంది. బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది. ఎముక అతుక్కుంది గానీ, ఆవిడ మంచానికి అతుక్కుపోయింది. కొడుకేమో లారీ తోలుకుంటూ వారానికోసారి ఇంటికొస్తాడు. వ్యాయామం చేయించడానికొచ్చే అమ్మాయి బతిమాలింది, బెదిరించింది. ఈ నెలలో కాలు కింద పెట్టకపోతే కీళ్లు బిగుసుకుపోతాయి, ఇక ఎవరూ ఏమీ చేయలేరంది. అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది. ఆ మాట విన్న రోజు కోడలు వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఓ సాయంత్రం అత్తగారికి చిరాకెత్తింది. "ఊరికే తిరగకపోతే ఏదైనా పనికొచ్చేది చేయొచ్చుగా!" అని అడుగుల్ని కసిరింది.

వసారాలో చప్పుడు ఆగింది. తర్వాత మెల్లగా మంచం దగ్గరికొచ్చింది. ఆవిడ కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుందో లేదో, అరికాళ్ల కింద ఏదో వెచ్చగా, అలవాటైన చెప్పుల్లా అమరింది. ఆవిడ లేచి నిలబడింది. నిలబడ్డానని తెలిసేలోపే నడుస్తోంది.

నడక మాత్రం ఆవిడది కాదు. రెండు చేతులూ ట్రాలీ పట్టుకున్నట్టు ముందుకు చాపింది. మూల దగ్గర గోడకి తగలకుండా వెడల్పుగా తిరిగింది. వంటింటి గుమ్మం దగ్గర టక్కున ఆగిపోయింది.

"అమ్మాయ్, ఇక్కడెందుకే ఆగాను?"

"దుప్పట్లివ్వడానికత్తయ్యా. ఇచ్చానని చెప్పండి, కదులుతాయి."

"ఇచ్చానర్రా!" అంది ఆవిడ. కదిలింది.

అలసిపోయి మంచమ్మీద కూలబడింది. "రోజంతా ఇలాగేనా నువ్వు నడిచేది?" అని, కోడలు వద్దు వద్దంటున్నా వినకుండా దాని పాదాలు ఒళ్లోకి లాక్కుని నూనె రాసింది.

అలా రోజూ నడక సాగుతుండగా కోడల్ని సూపర్‌వైజర్ మళ్లీ పిలిచాడు. ఇలాగైతే ఇంకొకర్ని చూసుకుంటామన్నాడు. నర్సు జాలిపడి, "వాచీ చీలమండకి కట్టుకోవే పిచ్చిదానా" అంది. కట్టుకుంది. ఆ రోజు టీవీలో అందరికన్నా పైన కోడలే! చప్పట్లు కూడా కొట్టారు. మిఠాయి పొట్లం పట్టుకుని ఇంటికొచ్చి తలుపు ఓరగా తీసి ఉంచింది. ఒక్క అడుగూ రాలేదు; అన్నీ లెక్కకెక్కిపోయాయి మరి. మంచం అంచున అత్తగారు కాళ్లు వేలాడేసుకుని, చేతులు చాపి సిద్ధంగా కూర్చుంది.

"ఇవాళ ఇంత ఆలస్యమేంటే?"

కోడలు మిఠాయి పొట్లం విప్పకుండానే పక్కన పెట్టేసింది. మర్నాడు వాచీ మళ్లీ చేతికెక్కింది.

"మళ్లీ మొదటికొచ్చావా!" అని సూపర్‌వైజర్ అరిచాడు.

"వాచీ సంగతి నాకు తెలీదు సార్. దుప్పట్లు అందలేదని ఏ వార్డువాళ్లయినా అంటే చెప్పండి, అప్పుడే మానేస్తాను."

ఆయన వార్డులన్నిటికీ ఫోన్ చేశాడు. ఎవరూ అనలేదు. గొణుక్కుంటూ ఊరుకున్నాడు.

వానలు మొదలయ్యాక కోడలికి జ్వరమొచ్చింది. సెలవు పెట్టి పడుకుంది. మధ్యాహ్నం మెలకువొచ్చేసరికి నోరు పిడచకట్టుకుపోయింది. వసారా నిశ్శబ్దంగా ఉంది. ముందురోజు అడుగులన్నీ అత్తగారు ఒక్కటీ మిగల్చకుండా నడిచేసింది.

అంతలో చప్పుడైంది. కోడలు చెవి రిక్కించింది. అది తన అడుగు కాదు. ఒక కాలు గట్టిగా పడుతోంది, రెండోది నేలని రాసుకుంటూ వస్తోంది. వంటింటి గుమ్మం దగ్గర ఆగలేదు. నేరుగా గదిలోకొచ్చింది.

"లే, తాగు," అంది అత్తగారు, గ్లాసు అందిస్తూ. "నిన్నటివి కాసిని మిగిలినట్టున్నాయి, వాటితో లాక్కొచ్చాను. ఏంటే ఇవాళ నీ అడుగులు ఎడమవైపు ఇలా ఈడుస్తున్నాయి?"

కోడలు చెప్పబోయి ఆగింది. నీళ్లు గుక్కెడు మింగింది.

"జ్వరం కదత్తయ్యా. వాటికీ నీరసంగా ఉండుంటుంది."

"అదే అనుకున్నా," అని ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని, కాలు ఈడ్చుకుంటూ వెనక్కి వెళ్లింది. వంటింట్లో స్టవ్ వెలిగించిన చప్పుడయ్యేదాకా కోడలు కళ్లు మూసుకుని ఆ అడుగులే వింటూ పడుకుంది.