ఏడో నంబరుకు కుర్చీ

నేను ఒక జెర్సీని. బెల్లం రంగు, వీపు మీద తెల్లటి ఏడు. కొన్నేళ్లపాటు నన్ను అద్దంలో బిగించి, బొట్టు పెట్టి, దండ వేశారు. దండ పడిందంటే ఎవరో పోయి ఉంటారని మీరనుకుంటారు. ఎవరూ పోలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

పుట్టింది అనకాపల్లిలో, ఒక దర్జీ కొట్లో. బెల్లం మార్కెట్ ఆడపిల్లల కబడ్డీ జట్టుకని ఒకే తానులోంచి పన్నెండు మందిమి పుట్టాం. మా చుట్టుపక్కల పోటీల్లో నంబర్లు ఒకటి నుంచి పన్నెండు దాకానే. పదమూడు వేసుకొస్తే రిఫరీ కోర్టులో కాలు పెట్టనివ్వడు. ఏడు నా వీపున పడడంలో నా గొప్పేమీ లేదు. దర్జీ చేతికి ఆ అంకె అందింది, అంతే.

నన్ను తొడుక్కున్న మనిషి నూకరత్నం. ఆమె కూతకు బయలుదేరితే అవతలి జట్టు ఒకరి వెనక ఒకరు దాక్కునేది. ఆమె చెమటా, ఎర్రమన్నూ పీల్చుకుని నేనూ ఏదో పొడిచినట్టు పొంగిపోయేవాణ్ణి. తర్వాత ఆమెకు నర్సీపట్నంలో హోంగార్డు ఉద్యోగం వచ్చింది. నన్ను ఉతికి, మడతపెట్టి, కోచ్ సన్నాసిరావు మాస్టారికి అప్పజెప్పి వెళ్లిపోయింది.

పెద్ద పెద్ద జట్లు గొప్ప ఆటగాళ్ల నంబరును ఇంకెవరికీ ఇవ్వవని మాస్టారు టీవీలో చూశారు. ఆవేశం ఆగలేదు. ఆ ఏడాది వార్షికోత్సవంలో మైకు పట్టుకుని, "ఈ రోజు నుంచీ ఏడో నంబరు ఎవరూ వెయ్యరు. ఇది మన నూకరత్నానిది!" అన్నారు. చప్పట్లు మోగాయి. పన్నెండులోంచి ఒకటి పోతే పదకొండు మిగులుతుందని ఆ చప్పట్లలో ఎవరికీ తట్టలేదు. తట్టాక, మాట వెనక్కి తీసుకునే దారి లేదు. అప్పటినుంచి నా గౌరవార్థం ఏటా ఒక పిల్ల ఆటకు దూరమైంది.

నాకు మాత్రం రాజభోగం. ప్రతి మ్యాచ్‌కీ నన్ను ఫ్రేముతో సహా తెచ్చి, మాస్టారి పక్కన కుర్చీలో కూర్చోబెట్టేవారు. పిల్లలు అద్దాన్ని తాకి కోర్టులోకి దిగేవారు. ఒకరు కుంకుమ బొట్టు పెట్టారు. ఇంకొకరు దండ వేశారు. ఒకసారి పడిన దండను తీసే ధైర్యం మనుషులకు ఉండదు.

ఎలమంచిలి జట్టుతో ఫైనల్ వచ్చింది. జిల్లా జట్టుకు ఆటగత్తెల్ని ఎంచే పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు. ఆ ఏడాది అలా నంబరు లేక మిగిలిపోయిన పిల్ల మంగవేణి. ప్రాక్టీసులో ఆమెను పట్టి ఆపిన వాళ్లు లేరు. అయినా జట్టులో అందరికన్నా ఆఖరున చేరింది కనుక పన్నెండోది. వచ్చే ఏటికి జూనియర్ల వయసు దాటిపోతుంది. ఈ ఒక్క రోజు కోర్టులో కనిపిస్తే జిల్లా జట్టు, లేకపోతే లేదు. ఆమె గట్టు మీద కూర్చుని నన్నే చూస్తోంది. నేను కుర్చీలో ఉన్నాను. నాకు తల ఉంటే దించుకునేవాణ్ణి.

సరిగ్గా అప్పుడు ఖాకీ బట్టల్లో, బందోబస్తు డ్యూటీ మీద, నూకరత్నం వచ్చింది. నన్ను చూసి నిలబడిపోయింది.

"ఓలమ్మో! నాను సచ్చిపోనానేటి మాస్టారూ? దండేసినారు!"

మాస్టారు కంగారుగా లేచారు. "అదేం మాటమ్మా! గౌరవం. నీ నంబరు ఎవరికీ ఇవ్వమని మాటిచ్చాం."

"ఎవులికిచ్చినారు మాట? నన్నడిగినారా?"

నిజమే, ఎవరూ అడగలేదు. నూకరత్నం చూపు గట్టు మీదికి మళ్లింది.

"ఆ గుంటెందుకలా కూకుంది? కాలు బెణికిందా?"

"నంబరు నేదక్కా," అంది మంగవేణి.

"నేకపోడమేటి? కుర్చీలో కూకునుంది కదేటి!"

అవతల రిఫరీ టాస్‌కు నాణెం తీశాడు. టాస్ పడేలోగా పేరూ నంబరూ చెప్పాలి, పడితే అంతే. నూకరత్నం ఫ్రేమును బోర్లా తిప్పి, బండి తాళంచెవితో వెనక మేకులు పీకింది. అట్ట ఊడింది. మాస్టారు, "మెల్లగా, అద్దం, అద్దం!" అంటున్నారు. నేను మంగవేణి మెడలో పడేసరికి నాణెం ఇంకా రిఫరీ బొటనవేలి మీదే ఉంది.

"ఏడు! మంగవేణి!" అని అరిచింది నూకరత్నం. ట్రాఫిక్‌లో పండిన గొంతు. గ్రౌండంతా వినిపించింది.

గాలి, మన్ను, మనిషి వేడి. మళ్లీ ప్రాణం వచ్చినట్టయింది.

ఆట చివరికి స్కోరు సమానం. ఆఖరి కూత మంగవేణిది. లోపలికి దూసుకెళ్లి ఒకామె భుజం తాకి తిరిగింది. వెనక నుంచి ఒకామె మడమ పట్టింది. మంగవేణి విదిలించుకుంది. ఇంకొకామె నడుము మీదికి దూకింది. బట్ట పట్టుకోకూడదన్నది నియమమే, కానీ ఆ ఊపులో వేళ్లు ఎక్కడ పడతాయో ఎవరు చూస్తారు? నా అంచు ఆమె పిడికిట్లో చిక్కింది.

కొత్త బట్టనైతే ఆగేవాణ్ణి, మంగవేణి ఆగిపోయేది. పాతబడి నీరసించిన బట్టను కనుక పర్రున చిరిగాను. పీలిక అవతలామె చేతిలో ఉండిపోయింది. మంగవేణి బోర్లా పడింది, కూత తెగలేదు, వేలి కొస నడిగీత దాటింది.

ముందు వరసలో ఒక పెద్దాయన పక్కాయన్ని అడిగాడు, "ఆ ఏడో నంబరు పేరేమిటి?"

మాస్టారు నా చిరుగును తడిమి తడిమి చూసి, "ఇప్పుడేం చెయ్యాలి దీన్ని?" అన్నారు.

"కుట్టించండి," అంది నూకరత్నం. "గుడ్డకి అంతకన్నా వైద్యమేటుంది? వచ్చే ఏడాది మళ్లీ ఆఖర్న మిగిలిన గుంటకే ఇవ్వండి. నా నంబరు కదా, నాను సెప్తన్నాను."

ఇప్పుడు మా జట్టులో అదే ఆచారం. అందరి కంటే వెనక చేరిన పిల్లకు ఏడు. వరసగా ఎందరో వేసుకున్నారు, అందరూ గొప్పగా ఆడారని చెప్పను. ఒకామె కోర్టులో దిగిన మొదటి నిమిషంలోనే అవుటైంది. ఆమె చెమట కూడా ఉప్పగానే ఉంది.

ఈ ఏడు నాది కశింకోట పిల్ల. సన్నం. నేను ఆమెకు వదులు. కిందంతా నిక్కరులోకి దోపుకుని, చేతులు రుద్దుకుంటోంది. గుండె నా కిందే దడదడ కొట్టుకుంటోంది. మాస్టారు మా నంబరు పిలిచారు. కూతకు వెళ్లాలి.