బ్లోయర్ వణుకు

ప్రొద్దుటూరు శివార్లలో హేమలతకు శనగపప్పు మిల్లు ఉంది. పొట్టును లాగేసే బ్లోయర్‌కు కింద చోటు చాలక, వేసవిలో ఇనుప స్టాండు చేయించి దాన్ని పైకెక్కించింది. అది మొదలు బేరింగులు నిలవడం మానేశాయి. మార్చినవి మార్చినట్టే పోతుంటే, ఆమె బిగించిన చేతినే అనుమానించింది. ఏళ్ల తరబడి మిల్లును కనిపెట్టుకుని ఉన్న ఫిట్టర్ నబీ రసూల్‌ను హమాలీలందరి ముందూ, "నీ చేతిలో పని పోయింది నబీ అన్నా," అనేసింది. అతను పానాల సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

జమ్మలమడుగు నుంచి తెచ్చుకున్న కొత్త ఫిట్టర్ వేసిన బేరింగూ అదే దారి పట్టింది. అప్పుడు పులివెందుల నుంచి శరత్ చంద్ర అనే ఇంజినీరును పిలిపించింది. యంత్రాల వణుకు కొలవడం అతని పని.

అతను అయస్కాంతమున్న చిన్న సెన్సర్‌ను బేరింగు పెట్టె మీద అంటించాడు. బ్లోయర్ నడుస్తుంటే చేతిలోని మీటరు తెరమీద ఒకే గీత నిటారుగా లేచింది.

"బేరింగు చెడిపోతే గీతలు వేరే తీరుగా వస్తాయక్కా. ఇది అది కాదు."

స్విచ్చి కట్టేయించాడు. బ్లోయర్ లోపలి ఫ్యాను వేగం కాస్త తగ్గిందో లేదో, గీత దబ్బున కూలిపోయింది. ఫ్యాను పూర్తిగా ఆగాక సెన్సర్‌ను స్టాండుకు అంటించి, రబ్బరు మొన ఉన్న సుత్తితో స్టాండును ఒక్క దెబ్బ కొట్టాడు. మీటరు చూసి ఆమెను దగ్గరికి పిలిచాడు.

"ఈ స్టాండుకు దానిదంటూ ఒక ఊపు ఉందక్కా. ఫ్యాను తిరిగే వేగమూ సరిగ్గా అదే. ఊయల వెనక్కొచ్చినపుడల్లా తోస్తాంటే ఏమైతాది? అట్ల తోస్తాంది ఇది. ఆ ఊపుకే బేరింగులు పోతాండాయి."

"అయితే బిగించడంలో తప్పు ల్యాదా?"

"ఎవరు బిగించినా పోయేదే. స్టాండుకు అడ్డంగా ఇనుప బద్దలు వేయించి గట్టి చేయండి."

ఆ తర్వాత అతను చెప్పిందేదీ హేమలత చెవికెక్కలేదు. స్టాండు ఎత్తూ, ఇనుము మందమూ తాను చెప్పి చేయించినవే.

నబీ రసూల్ దువ్వూరులో పంక్చర్లు వేస్తున్నాడని తెలిసి మరునాడు తానే వెళ్లింది.

"తప్పు నా స్టాండుదన్నా. నిన్ను అందరి ముందర అనేస్తి."

అతను ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు చూశాడు. "నువ్వన్నదే నిజమనుకుంటినమ్మా," అన్నాడు. "నా చేతులు పోయినాయనుకుంటి. ఆ పొద్దు నుంచి పానా పట్టింది ల్యా."

అతన్ని అవమానించాననే ఆమె అనుకుంటూ వచ్చింది. ఆ మాట అతను నమ్మేసి ఉంటాడని ఒక్కసారైనా తోచలేదు.

"వచ్చి చూడన్నా. స్టాండు గట్టి చేసినాక మళ్లీ కొలుస్తారు."

వచ్చాడు. వెల్డింగు చల్లారాక, కొత్త ఫిట్టర్ చేతిలోని బేరింగు అడిగి తీసుకుని తానే బిగించాడు. శరత్ చంద్ర సెన్సర్ అంటించాడు. బ్లోయర్ వేగం అందుకుంది. గీత నేలబారుగానే నిలిచింది. నబీ రసూల్ ఆ తెరను రెప్ప వేయకుండా చూశాడు.

హేమలత హమాలీల వైపు తిరిగింది. "ఆ పొద్దు నేనన్నది అందరూ వింటిరి గదా. ఇదీ వినండి. నేనే తప్పు."

నబీ రసూల్ చేతుల గ్రీజు తుడుచుకున్నాడు.

"మిల్లులో పనికి మాత్రం రానమ్మా. దువ్వూరులోనే మోటర్ల పని మొదలుపెడతా. అవసరమైతే పిలువు."

ఆమె బతిమాలలేదు. గేటు దాకా తోడు నడిచి, "పిలుస్తా అన్నా," అంది.