మోపు రోజు నొప్పి

ఆదివారం సువార్తకు కడుపు నొప్పి రాదు. అది ముందు పసిగట్టింది నాయనమ్మ మారెమ్మ.

"చర్చిల కూసుంటే నొయ్యదు, మీ అవ్వ మోపెత్తంగనే నొస్తదా? నొప్పికి గుడ సెలవుంటదానే?" అని మనవరాలిని గేలి చేసింది.

సువార్త అవ్వా అని పిలిచే తల్లి, మారెమ్మ కోడలు కరుణమ్మ నవ్వలేదు. యుద్ధం రోజులు, ధరలు మండుతున్నాయి. భర్త గిద్యోను పట్నంలో కూలికి ఉన్నాడు. ఆమె మొయినాబాదు అంగడికి కట్టెల మోపు మోసుకెళ్లే ప్రతి పొద్దునా ఆరేండ్ల పిల్ల గడపలో ముడుచుకుని పడిపోతోంది. ముఖం పాలిపోతుంది, చెమట పడుతుంది. దొంగ నొప్పి కాదని తల్లికి తెలుసు. చేవెళ్ల దవాఖానలో డాక్టరు పొట్ట నొక్కి చూసి లోపల ఏమీ లేదన్నాడు. పాస్టరు వచ్చి ప్రార్థన చేశాడు. నొప్పి మాత్రం పోలేదు.

ఈ పొద్దున మారెమ్మ కొడవలి మొన పొయ్యిలో పెట్టింది.

"బొడ్డు చుట్టు వాతలు పెడితే అదే పోతది. నీ మొగనికి గుడ నేనే పెట్టిన. సచ్చిండా?"

"జర ఆగు అత్తా."

"ఎర్రగైన ఇనుము ఆగుతదా?"

కరుణమ్మ పిల్లను ఒడిలోకి లాక్కుంది. "ఎందుకు నొస్తున్నది బిడ్డా? చెప్పకుంటే నాయనమ్మను ఆపుడు నాతోని కాదు."

సువార్త కొడవలినే చూస్తూ, "నువ్వు మోపెత్తకు," అంది.

"ఎందుకే?"

"మళ్ల కడుపు పోతది."

అత్తాకోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎవరు చెప్పిన్రు?" అని కరుణమ్మ అడిగింది.

"పక్కింటి సుక్కమ్మ. మోపెత్తినందుకే నీ కడుపు పోయిందని బాయి కాడ అన్నది. తొవ్వల యాడ పడ్డదో దొరకలేదా అవ్వా? అది లేకుంటే సచ్చిపోతవా?"

వానాకాలంలో కరుణమ్మకు మూడో నెల గర్భం నిలవలేదు. ఊళ్లో దాన్ని కడుపు పోవడం అంటారు. పిల్ల ఆ మాటను విన్నది విన్నట్టే పట్టుకుంది.

మారెమ్మ కొడవలి తీసి నీళ్ల గోలెంలో ముంచింది. చుయ్‌మంది. "ఆ సుక్కమ్మ నాలిక మీద పెట్టాలె ఈ వాత," అంది.

కరుణమ్మ పిల్ల చేతిని తన పొట్ట మీద పెట్టుకుంది. "ఉన్నది చూడు. లోపల పాప ఉండె. పాప పోయింది. నేనున్న."

"మోపు ఎత్తితేనే పోయిందా?"

మోపు ఎత్తిన ప్రతిసారీ కరుణమ్మ తనను తాను అడుగుతున్నది అదే.

వాకిట్లోకి వెళ్లి మోపు విప్పింది. సగం కట్టెలు గోడకు ఆనించి, మిగిలినవి కట్టి నెత్తికెత్తుకుంది. సువార్త రెండు పుల్లలు తన నెత్తిన పెట్టుకుని వెంట వచ్చింది.

"నొప్పి ఉన్నదా?"

"జర ఉన్నది."

"ఉండనియ్యి. మెల్లగ పోదాం," అని కరుణమ్మ పిల్ల అడుగుకు తగ్గట్టు నడిచింది.