శనిగ్రహం మీద కారుణ్య నియామకం

నా భర్త నూకరాజు రాయపూర్ రైల్వే వేగన్ రిపేరు షాపులో పెయింటరు. పగలు వేగన్ల మీద నంబర్లు రాసి, సాయంత్రం ఇంట్లో రాకెట్లు గీసేవారు. ఎనభైలలో "చుక్కల బండి" అనే బొమ్మల పుస్తకం మేమిద్దరమే తెచ్చేవాళ్ళం. ఊళ్ళో తెలుగు అచ్చు దొరకదు కనుక ఆయన స్టెన్సిల్ కాగితం మీద బొమ్మలు గీస్తే, మాటలు బడిలో సైన్సు చెప్పే నేను రాసేదాన్ని. యూనియన్ ఆఫీసులో సైక్లోస్టైల్ మిషను మీద తిప్పి, షాపు క్వార్టర్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో పంచేవాళ్ళం.

కథానాయకుడు పరదేశి అంతరిక్ష రైల్వేలో ఫిట్టరు. గ్రహాల మధ్య ఆగిపోయిన బళ్ళను బాగుచేస్తాడు. కాంతివేగం గురించి మా పాఠకులకు ఏ అనుమానమూ రాలేదు. అక్కడ ఆదివారం ఉండదు కదా, మరి పరదేశికి వారం సెలవు ఎప్పుడిస్తారని మాత్రం అడిగారు.

ఆరో సంచిక చివర శనిగ్రహం దగ్గర పరదేశి ఒక నల్లటి సుడిలో పడిపోయాడు. ఏడో సంచిక మొదలుపెట్టకముందే నూకరాజు గుండె ఆగింది. దాని గురించి ఇంతకంటే రాయను.

దినాలయ్యాక రెండు వాక్యాల నోటీసు రాసి యూనియన్ ఆఫీసుకు తీసుకెళ్ళాను. "పరదేశి మరణించాడు. చుక్కల బండి ఇంతటితో సమాప్తం."

సెక్రటరీ చిన్నారావు దాన్ని చదివి మిషను మీద నుంచి చెయ్యి తీశాడు.

"ఇది చెల్లదండి టీచరమ్మా. బాడీ దొరికిందా?"

"ఆ సుడిలో పడినది దొరకదండి."

"అద్గదీ. డ్యూటీలో గల్లంతయినోణ్ణి ఏడేళ్ళదాకా పోయినట్టు రాయకూడదు. రూల్ హై."

నూకరాజు ఉంటే ఈ మాటకు నవ్వేవారు. నేను కాగితం చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

ఆఫీసులో చందా రసీదు కోసం వచ్చిన తాయారమ్మ ఉంది. భర్త పోయాక కారుణ్య నియామకం కింద ఆయన బదులు షాపులో ఖలాసీగా, అంటే పనిముట్లు అందించే సహాయకురాలిగా, చేరిన మనిషి.

"ఏడేళ్ళు ఎవులుంటారు బాబూ? పోనాడనే రాయనీ. రాస్తే పెళ్ళానికి ఉద్యోగం ఇవ్వాల కదా," అంది.

"ఎవరి పెళ్ళానికి?" అన్నాను.

"పరదేశి పెళ్ళానికి. మూడో పుస్తకంలో కేరేజీ అట్టుకుని నిలబడ్డాది కాదేటి?"

నిజమే. ఒక్క బొమ్మలో ఉంది. నేను పేరు కూడా పెట్టలేదు.

చిన్నారావు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఇక అది కథ కాదు, కేసు. "ఏం చదివిందండీ ఆవిడ?"

"నాకు తెలియదు."

"ఎనిమిది పాసయినట్టు రాయండి. ఖలాసీకి అది చాలు, బస్. మెడికల్ టెస్టు ఇక్కడే చేయించీండి, శని మీద డాక్టరు ఎలాంటోడో."

"ఆమెకు రాకెట్టు బాగుచేయడం రాదండి," అన్నాను.

"నాకు మాత్రం వేగను వొచ్చేటి?" అంది తాయారమ్మ. "మొదటి రోజు సుత్తి ఇమ్మంటే స్పానరిచ్చేను. షాపు మొత్తం నవ్వింది. మర్నాడూ ఎల్లేను."

చేతిలోని నోటీసు బల్ల మీద పెట్టాను.

"బొమ్మలు ఎవరు గీస్తారు?" అని అడిగాను. ఇద్దరూ నావైపే చూశారు. బోర్డు మీద నాకు వచ్చే బొమ్మలు అమీబా, మందార పువ్వు నిలువుకోత మాత్రమేనని చెప్పాను.

"శని మీద జనాన్ని ఎవడు చూశాడండి? అమీబాలే అనుకోండి," అన్నాడు చిన్నారావు.

"ఆ పువ్వో?" అంది తాయారమ్మ.

"అది వాళ్ళ స్టేషను," అన్నాను.

నోటీసులో మొదటి వాక్యం ఉంచాను. దాన్ని కొట్టేయడం నా చేతిలో లేదు. రెండోది కొట్టేశాను.

ఇంట్లో ఆయన స్టెన్సిల్ కలం పట్టుకుంటే మొదటి కాగితం చిరిగింది. రెండోది కూడా. మూడో దాని మీద పరదేశి భార్య రమణమ్మ శనిగ్రహం మీద దిగింది. ముక్కూ కళ్ళూ నాకు కుదరవు కనుక ప్రతి బొమ్మలోనూ ఆమె వెనక్కి తిరిగి ఉంటుంది, జడ మాత్రం కనిపిస్తుంది. చుట్టూ అమీబాలు. వాటికి నోరు లేదు కాబట్టి "నవ్వుతున్నారు" అని కింద రాశాను.

ఏడో సంచిక కాలనీ అంతా తిరిగింది. కుళాయి దగ్గర పొరుగింటి వరహాలమ్మ నన్ను ఆపింది.

"కథ బాగుంది టీచరమ్మా. ఆ పిల్ల మొహం ఎప్పుడు సూపిస్తారు?"

"నేర్చుకుంటున్నానమ్మా," అన్నాను.