గాలి పడిపోయిన రోజు డీజిల్

మావయ్య బస్సెక్కే రోజుకి డీజిల్ సిద్ధంగా ఉండాలి. ఆ వారమంతా కోడలికి వేరే ధ్యాస లేదు.

గాలిమరలు తిరిగితే కరెంటు. ఆ కరెంటుతో నీళ్లను విడగొడితే హైడ్రోజన్. పక్కనున్న సున్నపు బట్టీ పొగగొట్టంలోంచి పట్టిన కార్బన్ డయాక్సైడ్‌ని దానికి కలిపి రియాక్టరులో కాగబెడితే, నీళ్లలా తేటగా డీజిల్. ఈ ప్లాంటుని మొదట కాగితం మీద గీసింది మావయ్యే. గాలిమేడల మేస్త్రి అని అందరూ ఆయన్ని ఏడిపించేవాళ్లు. ఆయనేం తక్కువ తిన్నాడా? "మేడ లేచాక అద్దెకి వస్తారుగా, అప్పుడు చూస్తా మీ సంగతి" అనేవాడు.

మేడ లేచింది గానీ ఆయన మంచాన పడ్డాడు. ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు. తన డీజిల్‌తో నడిచే సిటీ బస్సులో ఒక్కసారి కూర్చోవాలన్నది ఆయన కోరిక. ప్లాంటులో షిఫ్టు నడిపేది కోడలు.

సరిగ్గా ముందురోజే గాలి పడిపోయింది. ఇలాంటప్పటి కోసం హైడ్రోజన్ దాచిపెట్టే ట్యాంకు ఒకటుంది. ఒకటి చాలదు, రెండుండాలని మావయ్య మొదట్నుంచీ పోరి, రెండోదానికి పునాది గొయ్యి కూడా తవ్వించాడు. ఉన్న ఒక్కటీ మధ్యాహ్నానికే ఖాళీ అయింది. రియాక్టరు చల్లారితే మళ్లీ దారిలో పెట్టడానికి రోజులు పడతాయి.

గోడ మీద ఊరి కరెంటు స్విచ్ ఉంది. లైట్లకీ ఫ్యాన్లకీ తప్ప దాన్ని వాడకూడదు. ఊరి కరెంటంటే బొగ్గు కరెంటు. పొగ లెక్కన చూస్తే, దానితో చేసిన డీజిల్ కంటే బంకులో దొరికే మామూలు డీజిలే నయం. ఆ పాఠం ఆమెకి చెప్పింది కూడా మావయ్యే. ఆమె ఆ గదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పొద్దున ఆయన చొక్కా ఇస్త్రీ చేయించుకోవడం గుర్తొచ్చింది. స్విచ్ వేసేసింది.

మర్నాడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడాయన. ఒంట్లో సత్తువ లేకపోయినా బుర్ర మాత్రం చురుగ్గానే ఉంది.

"నిన్న గాలి లేదు కదమ్మా. మరి బండి దేంతో నడుస్తున్నట్టు?"

"ట్యాంకులో ఉన్నదాంతో నెట్టుకొచ్చాం మావయ్యా."

"రోజంతా?"

"రోజంతా."

ఆయన ముఖం విప్పారింది. "అయితే నేనే ఊరికే భయపడ్డానన్నమాట." అక్కడికక్కడే మేనేజరుకి ఫోన్ చేశాడు. "నా ట్యాంకు నిలబడిందయ్యా. రెండోది అక్కర్లేదు, గొయ్యి పూడ్పించెయ్."

ఆమె నోరు విప్పాల్సింది అప్పుడే. ఆయనేమో పసిపిల్లాడిలా అద్దానికి నుదురానించి ఇంజను చప్పుడు వింటున్నాడు. ఇంట్లో తీరిగ్గా చెప్పొచ్చులే అనుకుంది పిచ్చిది. ఆ తీరిక ఆసుపత్రుల చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. ఆయన పోయాడు.

తర్వాతి ఎండాకాలం గాలి పూర్తిగా ముఖం చాటేసింది. ట్యాంకు ఎప్పటిలాగే మధ్యాహ్నానికి ఖాళీ. చల్లారడం, మళ్లీ కాగడం, మళ్లీ చల్లారడంతో, గ్యాసుని డీజిల్‌గా మార్చే ఉత్ప్రేరకం లోపలే పొడిపొడిగా రాలిపోయింది. ప్లాంటు మూతపడింది. మీటింగు పెట్టారు.

మేనేజరు చెడ్డవాడేం కాదు, నెమ్మదిగానే అన్నాడు. "పోయినాయన్ని అనకూడదు గానీ, చివర్లో లెక్క తప్పాడు. మంచం మీదున్న మనిషి మాట పట్టుకుని గొయ్యి పూడ్చేశాం."

అందరూ తలలూపి, ఆమె వైపు జాలిగా చూశారు. ఆ జాలి ఆమె భరించలేకపోయింది.

"ఆయన లెక్క తప్పలేదండీ," అంటూ లేచింది. "రెండు ట్యాంకులు కావాలన్నదే ఆయన లెక్క. ఆ రోజు బస్సు నడిచింది బొగ్గు కరెంటుతో. స్విచ్ వేసింది నేను. ఆయనకి అబద్ధం చెప్పిందీ నేనే."

ఉద్యోగం ఊడుతుందేమోనన్న ఆలోచన కూడా ఆమెకి రాలేదు. ఆ రోజే నిజం చెప్పి ఉంటే మావయ్య ఏమనేవాడు? తిట్టేవాడు. తిట్టి, బస్సు దిగిపోయి, గాలొచ్చాక ఎక్కుదాంలే అనేవాడు.

నిజానికి ఆయన బస్సెక్కి వచ్చిన మర్నాడే గాలి వచ్చింది. మావయ్య తన గది కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని, సాయంత్రం దాకా గాలిమరల్ని చూస్తూ కూర్చున్నాడు.